ఏ జంతువుకి ఏ క్యాలిబర్? పెద్ద వేటకి రైఫిల్ ఎంచుకునే పద్ధతి

మా తోడల్లుడికి కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద దుప్పిని వేటాడే లైసెన్స్ లాటరీలో తగిలింది. రిజల్ట్ వచ్చిన రాత్రే ఫోన్ చేశాడు. "అన్నయ్యా, .300 విన్ మ్యాగ్ కొనేస్తున్నా. ఎల్క్‌కి అదే బెస్ట్ అన్నాడు షాపతను."

.300 విన్ మ్యాగ్, అంటే విన్చెస్టర్ మ్యాగ్నమ్, మందు ఎక్కువ పట్టే బలమైన తూటా. అప్పటిదాకా అతను పేల్చింది కాలేజీలో ఎన్‌సీసీ వాళ్లిచ్చిన .22, నుమాయిష్‌లో బెలూన్ల మీద ఎయిర్‌గన్. అంతే. "కొనకు. నాకు రెండు ఆదివారాలివ్వు, ఆ తర్వాత నీ ఇష్టం" అన్నాను. ఆ రెండు ఆదివారాల్లో చెప్పిందీ చూపించిందీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. మొదటిసారి వేట రైఫిల్ కొనబోతున్న మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది క్యాలిబర్, అంటే బుల్లెట్ లావు, గురించే. నా లెక్కలో అది నాలుగో ఐదో ప్రశ్న. ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి.

ఇదంతా అమెరికాలో లైసెన్స్‌తో, సీజన్‌లో చేసే వేట సంగతి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక సరదా వేట నేరం. ఇది చదివి ఊళ్లో పొలం గట్టు మీద ఎవరూ ప్రయోగాలు చెయ్యొద్దు.

మొదటి మెట్టు: కాగితాలు

ఇది దాటేసి షాపుకి వెళ్లేవాళ్లే ఎక్కువ. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. షూటింగ్ రేంజ్‌లో అద్దెకి తీసుకుని గంటసేపు పట్టుకున్నా అదే లెక్క. మినహాయింపుల్లో మనవాళ్లకి పనికొచ్చేది హంటింగ్ లైసెన్స్. అమెరికాలో ఏ రాష్ట్రం ఇచ్చిందైనా సరే, గడువులో ఉండాలి. టెక్సస్ లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1న రెన్యూ చేయకపోతే, ఇంట్లో బీరువాలో ఉన్న రైఫిలే మీ మీద కేసు అవుతుంది. గ్రీన్‌కార్డ్ వాళ్లకి ఈ చిక్కు లేదు. మీది వీసా అయితే కొనే ముందు ఒక లాయర్‌తో అరగంట మాట్లాడండి. ఆ ఫీజు రైఫిల్ ఖర్చులో భాగమే అనుకోండి.

తర్వాత హంటర్ ఎడ్యుకేషన్. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి, కొలరాడోలో 1949 జనవరి 1 నుంచి పుట్టినవాళ్లకి ఇది తప్పనిసరి. ఒక రాష్ట్రంలో తెచ్చుకున్న సర్టిఫికెట్ మిగతా చోట్లా చెల్లుతుంది.

క్యాలిబర్ మీద కూడా రూల్స్ ఉంటాయి. కొలరాడోలో పెద్ద జంతువులకి రైఫిల్ కనీసం .24 క్యాలిబర్ ఉండాలి. బుల్లెట్ తగిలాక విచ్చుకునే రకం కావాలి. లేడికి కనీసం 70 గ్రెయిన్ల బుల్లెట్, ఎల్క్‌కి 85 (గ్రెయిన్ బరువు కొలత, కింద చెప్తాను). వంద గజాల దగ్గర బుల్లెట్‌లో వెయ్యి ఫుట్-పౌండ్ల (దెబ్బ బలాన్ని కొలిచే లెక్క) శక్తి మిగలాలి. టెక్సస్ రూల్స్ ఇంకా వదులు. లేడి లాంటి పెద్ద వేటజంతువుల మీద .22 లాంటి రిమ్‌ఫైర్ (అడుగు అంచు మీద కొడితే పేలే చిన్న తూటా) మాత్రం పనికిరాదు. మీరు వెళ్లే రాష్ట్రం రూల్ బుక్ ఏటా కొత్తది వస్తుంది, దాన్నే చూడండి.

రెండో మెట్టు: పెట్టె మీద పేరు చదవడం

షాపులో కొత్తవాడిని బెదరగొట్టేవి ఈ అంకెలే. క్యాలిబర్ అంటే బుల్లెట్ లావు, అంగుళాల్లో. .308 అంటే అంగుళంలో వెయ్యో వంతులు 308, అంటే దాదాపు 7.8 మిల్లీమీటర్లు. ఇంతవరకు సులువు. చిక్కేమిటంటే పేర్లు పెట్టినవాళ్లు ఒక పద్ధతి పాటించలేదు. .30-06లో 06 అనేది అమెరికన్ సైన్యం దాన్ని తీసుకున్న 1906వ సంవత్సరం. .30-30లో రెండో 30, మొదట్లో అందులో పోసిన తుపాకీమందు బరువు, గ్రెయిన్లలో. 7ఎంఎం-08 అంటే .308 తూటా ఇత్తడి గొట్టాన్నే మూతి దగ్గర నొక్కి 7 మిల్లీమీటర్లకి తగ్గించింది. .270 బుల్లెట్ కొలిస్తే .277 వస్తుంది. .308, .30-06, .300 విన్ మ్యాగ్ మూడింటి బుల్లెట్ లావూ ఒకటే. తేడా అంతా వెనకున్న ఇత్తడి గొట్టంలో ఎంత మందు పడుతుందన్నదే.

అందుకే మేం రేంజ్‌లో మాట్లాడుకునేటప్పుడు క్యాలిబర్ అన్నా అసలు ఉద్దేశం తూటానే. తూటా అంటే ఇత్తడి గొట్టం, మందు, అడుగున దాన్ని అంటించే ప్రైమర్, ముందు బుల్లెట్, ఈ నాలుగూ కలిపి. ఎగిరి వెళ్లేది బుల్లెట్ ఒక్కటే.

దాని బరువు గ్రెయిన్లలో చెప్తారు. తోడల్లుడికి ఇది బుర్రకెక్కలేదు. చివరికి బంగారం లెక్కలో చెప్పాను. 180 గ్రెయిన్లంటే సరిగ్గా ఒక పాత తులం, 11.66 గ్రాములు. 1833లో కంపెనీవాళ్లు తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖాయం చేశారు. .30-06లో అందరూ వాడే 180 గ్రెయిన్ల బుల్లెట్ అంటే తులం ఎత్తు లోహం, సెకనుకి 2,700 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. "తులం బంగారం ఖర్చుతో వేట, తులం సీసంతో ఎల్క్" అని వాళ్లావిడ పక్కనుంచి అంది.

ఒక హెచ్చరిక. బ్యారెల్ మీద చెక్కిన పేరు, పెట్టె మీద పేరు, తూటా అడుగున ముద్ర, మూడూ అక్షరం తేడా లేకుండా కలవాలి. "చాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) పట్టింది కాబట్టి సరైనదే" అనుకోకూడదు. .223 రైఫిల్లో .300 బ్లాకౌట్ తూటా పెట్టి పేలిస్తే రైఫిల్ చేతిలోనే బద్దలవుతుంది. అలా జరిగిన సంగతులు కొత్తేం కాదు.

మూడో మెట్టు: ఏ జంతువు?

టెక్సస్‌లో ఉన్న మనవాళ్లకి చెప్తే నమ్మరు గానీ, ఇక్కడి వేటలో మన అడవుల చుట్టాలు చాలానే ఉన్నాయి. మన చుక్కల దుప్పిని వీళ్లు యాక్సిస్ అంటారు. 1932లో తెచ్చి వదిలారు, ఇప్పుడు మధ్య టెక్సస్ కొండ ప్రాంతం, హిల్ కంట్రీ, నిండా అవే. కృష్ణజింక కూడా ఉంది. మన మనుబోతు, అదే నీల్‌గాయ్, దక్షిణ టెక్సస్ ముళ్ల పొదల్లో మందలుగా తిరుగుతుంది. దాదాపు వందేళ్ల కిందట అక్కడి పెద్ద పశువుల క్షేత్రం కింగ్ ర్యాంచ్ వాళ్లు తెప్పించి వదిలిన వాటి సంతానం. ఇవి బయటి దేశపు జంతువులు కాబట్టి వీటికి రాష్ట్రం పెట్టిన సీజన్ లేదు. లైసెన్స్, భూమి యజమాని అనుమతి మాత్రం ఉండాలి.

నా అంచనాలివి.

హిల్ కంట్రీ వైట్‌టెయిల్ (తెల్లతోక లేడి) మగది 60 కిలోలు అటూ ఇటూ ఉంటుంది. యాక్సిస్ మగది దానికన్నా పెద్దది, వంద కిలోల దాకా పోతుంది. వీటికి .243 విన్చెస్టర్ సరిపోతుంది. 6.5 క్రీడ్‌మోర్, 7ఎంఎం-08, .308 దేనితో వెళ్లినా ఇబ్బంది లేదు. 1895 నాటి .30-30 కూడా వంద, నూట యాభై గజాల లోపల ఈ పనికి ఈరోజుకీ చక్కగా సరిపోతుంది.

అడవిపందికి భుజాల మీద గట్టి కవచం లాంటి తోలు పొర ఉంటుంది. క్యాలిబర్ కన్నా బుల్లెట్ గట్టిదనం ముఖ్యం.

ఎల్క్ వేరే తరగతి. మగది 320 కిలోలు, ఆడది 225 దాకా ఉంటుంది. మన కణుజుని చూసినవాళ్లకి ఆ సైజు అర్థమవుతుంది. రూల్ ప్రకారం .243 చెల్లుతుంది, నేను మాత్రం వద్దంటాను. చేతిలో ఎంతో అనుభవం ఉండి, జంతువు సరిగ్గా అడ్డంగా నిలబడితే తప్ప దాంతో కాల్చకూడదని చెప్తూ కొత్తవాడి చేతిలో అదే పెట్టడం న్యాయం కాదు. 6.5 క్రీడ్‌మోర్‌ని మంచి బుల్లెట్‌తో కనీస మెట్టు అనుకోండి. .270, 7ఎంఎం-08, .308, .30-06 హాయిగా సరిపోతాయి. 7ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నమ్, .300 విన్ మ్యాగ్ భుజం తట్టుకునేవాళ్లకి.

మనుబోతు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మగది 200 కిలోలు సులువుగా దాటుతుంది. బరువులో ఎల్క్ కన్నా చిన్నదే గానీ మొండితనంలో కాదు. తోలు మందం, తగిలిన రంధ్రం మూసుకుపోతుంది, నేల మీద రక్తపు జాడ సరిగ్గా పడదు. పైగా గుండె, ఊపిరితిత్తులు లేడికన్నా ముందుకీ కిందికీ ఉంటాయి. వైట్‌టెయిల్ అలవాటుతో భుజం వెనక కొడితే అది అర మైలు పరిగెత్తి పొదల్లో దూరుతుంది, సాయంత్రమంతా వెతుకుడే. నేను దక్షిణాదిన వెళ్లిన ర్యాంచ్‌లో పెద్దాయన మొదటి మాటే "ఎంత పెద్దది తెచ్చావు?" అని కాదు, "భుజం ఎముక ఎక్కడుందో బొమ్మ గియ్యి" అని. గీశాను, తప్పు గీశాను. బండి దుమ్ము మీద వేలితో ఆయనే సరిచేశాడు. నా చేతిలో ఆ రోజు .30-06, 180 గ్రెయిన్లు. దానికన్నా తక్కువతో నేను మనుబోతు జోలికి వెళ్లను.

అలాస్కా గోధుమ ఎలుగుబంటి, ఆఫ్రికా అడవిదున్న మీ లిస్టులో ఉంటే ఈ వ్యాసం మీకు చాలదు. ఎలుగుకి .338 విన్ మ్యాగ్ నుంచి మాట్లాడాలి. ఆఫ్రికాలో ప్రమాదకర జంతువులకి చాలా చోట్ల 1912లో వచ్చిన .375 హెచ్ అండ్ హెచ్చే కనీస హద్దు.

నాలుగో మెట్టు: ఎంత దూరం?

ఎంత దూరం అంటే ఆ తూటా ఎంత దూరం వెళ్తుందని కాదు, మీరు ఎంత దూరంలో కాల్చబోతున్నారని. టెక్సస్‌లో ఫీడర్ (జంతువులకి మేత చల్లే డబ్బా) దగ్గర బ్లైండ్‌లో (వేటగాడు దాక్కునే గది) కూర్చుంటే వంద గజాలు. కొలరాడో కొండ వాలు మీద రెండు వందలు, మూడు వందలు పడొచ్చు.

రైఫిల్‌ని 200 గజాలకి జీరో చేశారనుకోండి, అంటే ఆ దూరంలో గురి చూసిన చోటే తగిలేలా సర్దారని. 300 గజాల దగ్గర .270, 130 గ్రెయిన్ల బుల్లెట్ ఆరేడు అంగుళాలు కిందికి పడుతుంది. .308, 165 గ్రెయిన్లది ఎనిమిది తొమ్మిది. .300 విన్ మ్యాగ్ ఏడు. అంటే అంత మోత మోగించే మ్యాగ్నమ్‌కీ, మామూలు .308కీ మూడు వందల గజాల దగ్గర తేడా ఒకటి రెండు అంగుళాలే. ఎల్క్ గుండె ఊపిరితిత్తుల చోటు అడుగు పైనే ఉంటుంది. మ్యాగ్నమ్ విలువ తెలిసేది నాలుగు వందలు దాటాక. అక్కడ కాల్చే చేయి మనకి ఉందా అన్నది వేరే ప్రశ్న.

గాలి మాత్రం పట్టించుకోండి. గంటకి పది మైళ్ల అడ్డగాలికి 300 గజాల దగ్గర .308 సుమారు ఏడు అంగుళాలు పక్కకి పోతే, 6.5 క్రీడ్‌మోర్ పొడవాటి బుల్లెట్ అయిదు అంగుళాలే పోతుంది. 2007లో వచ్చిన ఈ తూటా పాతవాటిని పక్కకి నెట్టడానికి సగం కారణం ఇదీ, మిగతా సగం అది పేలినప్పుడు భుజాన్ని మెల్లగా తన్నడం.

ఐదో మెట్టు: మీ భుజం

నన్నడిగితే అసలు నిర్ణయం ఇక్కడే జరుగుతుంది.

తుపాకీ తన్నుని కూడా ఫుట్-పౌండ్లలోనే కొలుస్తారు. మామూలు బరువున్న రైఫిల్లో .243 సుమారు 9, 6.5 క్రీడ్‌మోర్ 12-13, .308 పదహారు పదిహేడు, .30-06 ఇరవై, .300 విన్ మ్యాగ్ 26. రైఫిల్ తేలికైన కొద్దీ ఈ అంకె పెరుగుతుంది. కొండెక్కడానికి తేలికగా ఉంటుందని ఆరు పౌండ్ల రైఫిల్లో మ్యాగ్నమ్ కొనేవాళ్లు ఉన్నారు. మోసేటప్పుడు సుఖం, పేల్చేటప్పుడు గాడిద తన్ను.

"నాకు తన్ను పెద్ద లెక్క కాదన్నయ్యా, జిమ్‌కి వెళ్తా కదా" అన్నాడు తోడల్లుడు. ఇది కండ సంగతి కాదు. పేలుతుందని ముందే తెలిసిన ఒళ్లు, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ముడుచుకుంటుంది. ఇంగ్లీషులో ఫ్లించ్ అంటారు. ఇంజక్షన్ సూది దగ్గరికి రాగానే చేయి బిగుసుకోవడం లాంటిది. మనకి తెలీకుండానే జరుగుతుంది. పేలుడు చప్పుడులో కనపడదు కూడా.

దాన్ని కనిపించేలా చేసే పద్ధతి ఒకటి ఉంది. డమ్మీ తూటాలని దొరుకుతాయి, మందు ఉండదు. మీరు మొహం తిప్పుకుంటే పక్కనున్న మనిషి రైఫిల్లో ఒక్కొక్కటే పెడతాడు, ఒకసారి నిజం తూటా, ఒకసారి డమ్మీ, వరస మీకు తెలీకూడదు. మీరు మామూలుగా గురి చూసి నొక్కాలి, అంతే.

ఒక మిత్రుడి .300 విన్ మ్యాగ్ అడిగి తెచ్చాం. మొదటి రెండూ నిజమైనవే పెట్టాను. మూడోది డమ్మీ. అతను చెంప ఆనించాడు, ఊపిరి బిగబట్టాడు, నొక్కాడు. 'టిక్' మంది. బ్యారెల్ మూతి నాలుగు వేళ్ల మందం కిందికి ఊగింది. కళ్లు గట్టిగా మూసుకుపోయాయి, కుడి భుజం ముందుకి తోసుకొచ్చింది, బుగ్గ స్టాక్ (రైఫిల్‌కి భుజాన ఆనించే వెనక భాగం) మీంచి లేచింది. పేలని తుపాకీకి ఒళ్లంతా జడిసింది. నేనేమీ అనలేదు. తనే చూసుకున్నాడు. "నిజంగా పేలి ఉంటే ఎక్కడ తగిలేది?" అన్నాడు. ఎల్క్ పొట్టలోనో, కాలిలోనో.

అదే మనిషికి అదే రోజు నా .308 ఇచ్చాను. అయిదు డమ్మీల్లో రెండింటికి మూతి కదిలింది. .243తో ఒక్కసారీ కదల్లేదు. ఇక లెక్కలెందుకు?

నా సొంత పాఠం నుదుటి మీదే ఉంది. తొలి రోజుల్లో ఒకరి మ్యాగ్నమ్‌ని వాలు మీద పడుకుని పేల్చాను, కన్ను స్కోప్‌కి (గురి చూసే దుర్భిణి) మరీ దగ్గరగా పెట్టాను. స్కోప్ అంచు కనుబొమ్మ మీద నెలవంక గీసింది. నాలుగు కుట్లు. దాని తర్వాత ఏడాది పాటు .22 పట్టుకున్నా కళ్లు మూసుకునేవాణ్ని. తన్ను నేర్పిన భయం తుపాకీ మార్చినంత మాత్రాన పోదు.

బ్యారెల్ మూతికి మజిల్ బ్రేక్ అనే రంధ్రాల తొడుగు పెట్టుకుంటే తన్ను తగ్గుతుంది, నిజమే. కానీ చప్పుడు మీ చెవులకీ పక్కవాళ్ల చెవులకీ తిరిగొస్తుంది. ఆ చప్పుడుకి పక్కనుండే గైడ్లు మొహం చిట్లిస్తారు. మంచి రబ్బరు రీకాయిల్ ప్యాడ్, ఒక పౌండ్ బరువెక్కువ రైఫిల్ నా ఓటు. బ్రేక్ ఉన్నా లేకపోయినా చెవులకి రక్షణ లేకుండా మాత్రం రేంజ్‌లో అడుగు పెట్టొద్దు.

ఆరో మెట్టు: బుల్లెట్

క్యాలిబర్ గురించి మూడు వారాలు కొట్లాడుకుని, ఆఖర్న షాపులో అన్నిటికన్నా చవక తూటాలు తెచ్చుకుంటారు మనవాళ్లు. పట్టుచీర కొని, కుట్టడానికి అరువు దారం తెచ్చినట్టు.

1946లో జాన్ నోస్లర్ అనే ఆయన కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ (ఎల్క్ కన్నా పెద్ద దుప్పి జాతి) వేటకి వెళ్లాడు. చేతిలో .300 హెచ్ అండ్ హెచ్ మ్యాగ్నమ్, ఆ రోజుల్లో బలమైన తూటాల్లో ఒకటి. మూస్ ఒంటి మీద బురద గట్టిగా ఎండిపోయి ఉంది. బుల్లెట్లు తగిలిన చోటే పగిలిపోయాయి, లోపలికి దిగలేదు. క్యాలిబర్‌కి ఏ లోటూ లేదు, శక్తికీ లేదు. ఆయన ఇంటికొచ్చి మధ్యలో అడ్డుగోడ ఉండే బుల్లెట్ తయారు చేశాడు. ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, గోడ వెనక సగం చెక్కుచెదరకుండా లోపలికి దూసుకెళ్తుంది. అదే పార్టిషన్ బుల్లెట్. 1948లో అమ్మకానికి పెట్టాడు, ఇప్పటికీ దొరుకుతుంది.

స్థూలంగా మూడు రకాలు చూడండి. మామూలు సాఫ్ట్ పాయింట్, అంటే రాగి తొడుగులో సీసం. వైట్‌టెయిల్‌కి, యాక్సిస్‌కి ఇది బ్రహ్మాండం, చవక కూడా. రెండోది బాండెడ్, తొడుగునీ సీసాన్నీ విడిపోకుండా అతికిస్తారు. ఎల్క్, మనుబోతు, పెద్ద పందులకి ఇది గానీ పార్టిషన్ గానీ. మూడోది పూర్తిగా రాగి. లోతుగా దిగుతుంది. రాగి సీసంకన్నా తేలిక కాబట్టి అదే పొడవుకి బరువు తగ్గుతుంది, 165కి బదులు 150 తీసుకోండి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకి ఎంపికే లేదు. 2019 జూలై 1 నుంచి అక్కడ వేటకి సీసం బుల్లెట్లు నిషేధం. సీసం ముక్కలున్న కళేబరాలు తిని కాండర్ రాబందులు చచ్చిపోతున్నాయని ఆ చట్టం తెచ్చారు.

ఫుల్ మెటల్ జాకెట్ తూటాలు రేంజ్‌కి మాత్రమే. అవి విచ్చుకోవు. సన్నటి రంధ్రం చేసుకుని అవతలికి పోతాయి, జంతువు గంటలకొద్దీ బాధపడుతుంది. కొలరాడో లాంటి చోట చట్టమూ ఒప్పుకోదు.

మంచి బుల్లెట్ వేసిన .308, చెత్త బుల్లెట్ వేసిన .300 మ్యాగ్నమ్ రెండూ ముందు పెడితే ఎల్క్‌కి నేను కళ్లు మూసుకుని .308 తీసుకుంటాను.

ఏడో మెట్టు: దొరకాలి కదా

2020-21లో ఇక్కడ తూటాల కరువు వచ్చింది. షెల్ఫులు ఖాళీ. కొత్త ఫ్యాషన్ క్యాలిబర్లు కొన్నవాళ్లు రైఫిల్‌ని గోడకి ఆనించి చూస్తూ కూర్చున్నారు.

ఒక చిన్న పరీక్ష చెప్తాను. మీరు వేటకి వెళ్లే ఊళ్లో ఉన్న చిన్న హార్డ్‌వేర్ షాపుకి ఫోన్ చేసి ఏ తూటాలున్నాయో అడగండి. .308, .30-06, .270, 6.5 క్రీడ్‌మోర్, .243 అన్న పేర్లు దాదాపు ఎక్కడైనా వినిపిస్తాయి. విమానంలో వెళ్తే ఇది ఇంకా ముఖ్యం. రైఫిల్ ఖాళీగా, తాళం వేసిన గట్టి పెట్టెలో, కౌంటర్ దగ్గర చెప్పి చెక్-ఇన్ చేయాలి. తూటాలు చాలా ఎయిర్‌లైన్స్ 11 పౌండ్ల వరకే ఒప్పుకుంటాయి. ఆ బ్యాగ్ ఇంకో ఊరికి వెళ్లిపోయిందనుకోండి, మీ క్యాలిబర్ ఊరి షాపులో దొరికేదైతేనే వేట.

పాత కబురొకటి గుర్తొస్తోంది. మన దేశంలో లైసెన్స్ ఉన్న పెద్దమనుషుల ఇళ్లల్లో .315 రైఫిల్ కనపడేది, ఇప్పటికీ ఉంది. ప్రపంచంలో ఇంకెవరూ పెద్దగా పట్టించుకోని ఆ క్యాలిబర్ మన దగ్గర ఎందుకు పాతుకుపోయింది? సైన్యం వాడే .303ని జనం చేతికి ఇవ్వకూడదని బ్రిటిష్‌వాళ్లు పెట్టిన అడ్డు వల్ల. మన దగ్గర చట్టం క్యాలిబర్‌ని తేలిస్తే, ఇక్కడ తేల్చేది ఊరి షాపు అరమరే.

ఖర్చు కూడా ఈ మెట్టులోనే. మ్యాగ్నమ్ పెట్టె ఖరీదు .308 పెట్టెకన్నా ఎక్కువ. ఎక్కువైతే తక్కువ పేలుస్తారు, తక్కువ పేలిస్తే గురి కుదరదు. రైఫిల్ మీద మిగిలిన డబ్బు స్కోప్ మీద పెట్టండి. ఇంట్లో పిల్లలుంటే తాళం ఉన్న సేఫ్ మీద పెట్టండి, స్కోప్‌కన్నా ముందు.

ఎనిమిదో మెట్టు: పేపర్ ప్లేట్

కొనేశాక చేసేది ఇదే. తొమ్మిది అంగుళాల పేపర్ ప్లేట్లు, మన పార్టీల్లో ఇడ్లీ పెట్టుకునేవి, ఒక కట్ట పట్టుకెళ్లండి. లేడి గుండె ఊపిరితిత్తుల చోటు దాదాపు అంతే ఉంటుంది. రేంజ్ బల్ల మీద ఇసుక సంచులు పెట్టి జీరో చేశాక, బల్ల వదిలేయండి. అడవిలో బల్ల ఉండదు. నేల మీద కూర్చుని, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, వంద గజాల దగ్గర అయిదు పేల్చండి. అయిదుకి అయిదు ప్లేట్‌లో పడితే యాభై గజాలు వెనక్కి జరగండి. ఒక్కటి బయట పడిందంటే, దాని ముందు దూరమే మీ హద్దు. ఎల్క్ గుండె చోటు ప్లేట్‌కన్నా పెద్దదని హద్దు పెంచుకోవద్దు. కొండెక్కి ఆయాసపడుతూ, గుండె దడదడలాడుతూ కాల్చేటప్పుడు ఆ మిగులు మీకే కావాలి.

ఇదే పరీక్షని కొనకముందు రెండు మూడు క్యాలిబర్లతో, అడిగి తెచ్చుకునో అద్దెకి తీసుకునో చేస్తే ఇంకా మంచిది. ఏ రైఫిల్‌తో మీ ప్లేట్ ఎక్కువ దూరం వెళ్లిందో అదే మీది. మూడో మెట్టులో ఆ జంతువుకి చెప్పిన వరసలో అది ఉంటే చాలు.

తోడల్లుడి ప్లేట్ .300 విన్ మ్యాగ్‌తో నూట యాభై దగ్గరే ఆగిపోయింది. .308తో మొదట్లో రెండు వందలు. వేసవంతా వారం విడిచి వారం రేంజ్‌కెళ్లి ఇరవయ్యేసి తూటాలు పేల్చాక, సెప్టెంబర్‌కి రెండు వందల యాభై. .308 కొన్నాడు, ఎనిమిది పౌండ్లది, 165 గ్రెయిన్ల బాండెడ్ తూటాలతో. జీరో చేసిన పెట్టె మీద లాట్ నంబర్ (ఒకేసారి తయారైన గుంపు నంబర్) చూసి అదే లాట్‌లో ఇంకో మూడు పెట్టెలు తీసి పెట్టుకున్నాడు. ఒకే పేరుతో వచ్చినా లాట్ మారితే తగిలే చోటు కొంచెం మారొచ్చు.

అక్టోబర్‌లో డెన్వర్‌లో దిగి, కొండల్లోకి వెళ్లే దారిలో మొదట ఆగింది ఒక పబ్లిక్ రేంజ్ దగ్గర. మూడు తూటాలు, ఒక కాగితం. ప్రయాణంలో పెట్టె ఎక్కడో గట్టిగా తగిలినట్టుంది, మూడూ రెండు అంగుళాలు ఎడమకి పడ్డాయి. స్కోప్ మూత విప్పి, గురి సర్దే చక్రాన్ని ఎనిమిది క్లిక్కులు కుడికి తిప్పి, ఇంకో మూడు పేల్చాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని బండెక్కాడు.